కంచె కనిపించని ఊళ్లు
కొడవటిగంటి కుటుంబరావు స్మారకోపన్యాసం

తెనాలి నుంచీ, రేపల్లె నుంచీ పొద్దున్నే రైలెక్కి బాపట్లలో దిగి, అక్కడి నుంచి ఆటోల్లో ఈ సూర్యలంక తీరం దాకా వచ్చిన పెద్దలకూ, వెనక వరసల్లో నిలబడ్డ విద్యార్థులకూ కృతజ్ఞతలు. అలల హోరు కాస్త ఎక్కువగా ఉంది. వినబడకపోతే చెయ్యెత్తండి.

ఈ సభ కుటుంబరావుగారి పేరున జరుగుతోంది. 1909 అక్టోబరు 28న తెనాలిలో పుట్టారు. ఫిజిక్సు చదివారు. 1952 నుంచి 1980 ఆగస్టు 17న కన్నుమూసేదాకా మద్రాసులో ‘చందమామ’ పనిలోనే ఉన్నారు. దేశంలో పిల్లలు ఆయన మాటల్లో కథలు చదువుకున్నారు, ఆయన పేరు తెలియకుండానే. పెద్దల కోసం ఆయన రాసిన కథలూ, నవలలూ, వ్యాసాలూ వేల పేజీలు. వాటన్నిటిలోనూ ఆయన చూపు ఒక్కచోటే నిలిచింది: మధ్యతరగతి ఇల్లు. ఆ ఇంట్లో డబ్బు ఎలా వస్తుంది, పరువు దేనితో కొలుస్తారు, పెళ్లి ఎవరి లెక్కల ప్రకారం జరుగుతుంది అని అడుగుతూ పోయారు. ‘చదువు’ నవలలో సుందరం అనే కుర్రవాడి వెంట నడుస్తూ, ఒక కుటుంబానికి చదువు ఎలా పెట్టుబడి అవుతుందో చూపించారు.

ఆ సుందరం మనవలూ మునిమనవలూ ఇవాళ ఎక్కడున్నారు? తెనాలి గంగానమ్మపేటలో ఉన్నవాళ్లు కొందరే. మిగతావాళ్ల కోసం టెక్సాస్‌లోని ఫ్రిస్కోకో, జార్జియాలోని కమ్మింగ్‌కో, న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోకో వెళ్లాలి. కుటుంబరావుగారు ఉంటే అక్కడికీ వెళ్లి అవే ప్రశ్నలు అడిగేవారు. ఈ ఉపన్యాసం చేసే పని అంతే. అమెరికాలో మనిషి వర్గం అతని చిరునామాలో ఉంటుంది. ఆ చిరునామా చుట్టూ ఒక కంచె ఉంది. దాన్ని కట్టింది చట్టం. కంచె లోపల ఇల్లు కొనుక్కున్న మన పిల్లలకు ఆ కంచె చరిత్ర తెలియాలి. ఊరూ వాడా అనే మాటల అర్థం తెలిసిన ఈ గడ్డ మీది మనకు అది ఇంకా బాగా తెలియాలి.

1. ఎలా వెళ్లారు, ఎక్కడ దిగారు

కృష్ణ మీద 1855 నాటికి ఆనకట్ట వచ్చింది. కాలువ నీళ్లు డెల్టాలో మిగులు పుట్టించాయి. ఆ మిగులు మొదట భూమి కొంది, తరవాత చదువు కొంది. 1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల, 1946లో గుంటూరులో మెడికల్ కాలేజీ వచ్చాయి. 1965లో అమెరికా తన వలస చట్టాన్ని మార్చి, దేశాలవారీ పాత కోటాలు ఎత్తేసింది. అదే ఏడాది అక్కడ వృద్ధులకు ప్రభుత్వ వైద్య బీమా చట్టం కూడా వచ్చింది. ఆస్పత్రులకు డాక్టర్లు కావలసొచ్చారు. గుంటూరులో చదివిన డాక్టర్లు ఒకరి వెనక ఒకరు విమానం ఎక్కారు. 1977లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) మొదటి సభలు జరిగేనాటికి, వాటికి వచ్చినవాళ్లలో డాక్టర్లూ, ఇంజనీర్లూ, ప్రొఫెసర్లే ఎక్కువ.

రెండో విడత సంగతి ఈ సభలో ప్రతి ఇంటికీ తెలుసు. 1990 చట్టంతో హెచ్-1బి వచ్చింది. 2000 సంవత్సరం కంప్యూటర్ల భయం దానికి తోడైంది. ఇంజనీరింగ్ కాలేజీలు, అమీర్‌పేట కోచింగులు, కన్సల్టెన్సీలు దాని వెనకే వచ్చాయి. 2010 నుంచి 2017 లోపు అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగిందని అక్కడి జనగణన సంస్థ సర్వే లెక్కల్లో తేలింది. ఆ కాలంలో అంత వేగంగా పెరిగిన పెద్ద భాష అక్కడ ఇంకొకటి లేదు.

వీళ్లు ఎక్కడ దిగారన్నది గమనించండి. అమెరికాకు ముందు వచ్చిన ఇటాలియన్లు, యూదులు, చైనావాళ్లు మొదట నగరం నడిబొడ్డున ఇరుకు వాడల్లో దిగారు. ఒకటి రెండు తరాలు అక్కడ అరిగిపోయాకే శివారు మొహం చూశారు. మన సాఫ్ట్‌వేర్ కుటుంబం నాలుగైదేళ్లు అపార్ట్‌మెంటులో అద్దెకుండి, నేరుగా సబర్బులో ఇల్లు కొంటుంది. ఫ్రిస్కో జనాభా 2000లో 33 వేల పైచిలుకు. 2020 నాటికి 2 లక్షలు దాటింది. నగరంలోని పేదరికాన్ని తాకకుండానే శివారుకు చేరిన వలస ఇది. అందుకే నగరం ఎందుకు అలా ఉందో, శివారు ఎందుకు ఇలా ఉందో అడగాల్సిన అవసరం మనవాళ్లకు రాలేదు.

ఇల్లు కొనేముందు అడిగే ప్రశ్న మాత్రం ఒకటుంది. “స్కూల్ రేటింగ్ ఎంత? తొమ్మిదా, పదా?”

2. కంచె వేసినవాళ్లు

ఇక్కడ ఒక జడ్జి పేరు చెప్పాలి. జార్జ్ సదర్లాండ్, అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ కేసు ఆయన ముందుకు వచ్చింది. థింద్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. పౌరసత్వం అడిగాడు. తెల్లవాడు అంటే సామాన్య జనం ఎవరిని అనుకుంటారో వాళ్లేననీ, భారతీయుడు ఆ లెక్కలోకి రాడనీ సదర్లాండ్ తీర్పు రాశాడు. అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయులకు కూడా దాన్ని రద్దు చేయడం మొదలుపెట్టారు. 1946 దాకా ఆ తలుపు మూసే ఉంది.

మూడేళ్లకు, 1926లో, అదే సదర్లాండ్ ఇంకో తీర్పు రాశాడు. క్లీవ్‌లాండ్ నగరం పక్కన యూక్లిడ్ అనే శివారు గ్రామం, ఏ భాగంలో ఏ రకం ఇల్లు కట్టాలో తానే నిర్ణయిస్తానంది. ఇక్కడ విడి ఇళ్లే ఉండాలి, అపార్ట్‌మెంట్లు అక్కడెక్కడో ఉండాలి అని గీత గీసింది. అది చెల్లుతుందని కోర్టు తేల్చింది. విడి ఇళ్ల పేటలో అపార్ట్‌మెంటు భవనాన్ని పరాన్నజీవితో పోల్చింది ఆ తీర్పు. అపార్ట్‌మెంటులో ఉండేదెవరు? అద్దెకుండేవాళ్లు, అంటే విడి ఇల్లు కొనలేనివాళ్లు. వాళ్లను పేరు పెట్టి వద్దనకుండా, వాళ్లుండే గూడును వద్దన్నారు. మనల్ని పౌరుల వరసలోంచి తీసేసిన కలమూ, మనం ఇవాళ మురిసిపోయి కొనే పేటలకు పునాది వేసిన కలమూ ఒక్కటే. ఇది యాదృచ్ఛికమే కావచ్చు. కానీ ప్రతి తెలుగు అమెరికన్‌కూ తెలియాల్సిన యాదృచ్ఛికం.

తరవాత పనులు చకచకా జరిగాయి. 1930లలో ప్రభుత్వ సంస్థ ఒకటి 200కు పైగా నగరాలకు రంగుల పటాలు గీసింది. నల్లవాళ్లుండే పేటలకు ఎర్ర రంగు వేసింది. అక్కడ అప్పిస్తే మునుగుతారని దాని అర్థం. 1934లో మొదలైన గృహరుణ బీమా కూడా అదే దారిలో నడిచింది. 1947లో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో లెవిట్ కంపెనీ లెవిట్‌టౌన్ మొదలుపెట్టింది. కార్ల ఫ్యాక్టరీ పద్ధతిలో 17 వేలకు పైగా ఇళ్లు కట్టింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుడు దాదాపు చేతి నుంచి డబ్బు పెట్టకుండానే అందులో చేరిపోవచ్చు. ఒక్కటే షరతు: తెల్లవాడై ఉండాలి. తొలి ఒప్పందాల్లో అది రాతపూర్వకంగానే ఉండేది. అదే యుద్ధంలో పోరాడిన నల్ల సైనికుడికి అందులో చోటు లేదు. 1957లో అదే కంపెనీ పెన్సిల్వేనియాలో కట్టిన ఇంకో లెవిట్‌టౌన్‌లో మొదటి నల్లకుటుంబం కాపురానికి వస్తే, గుంపులు రోజుల తరబడి ఆ ఇంటి ముందు చేరి రాళ్లు వేశాయి.

రంగు చూసి ఇల్లు నిరాకరించడం చెల్లదని 1968లో చట్టం వచ్చింది. అప్పటికి ఆ ఇళ్ల ధరలు పెరిగిపోయాయి. చౌకగా ఉన్నప్పుడు కొననివ్వలేదు, కొనుక్కోవచ్చన్నాక అందుబాటులో లేవు. అమెరికాలో సగటు కుటుంబం ఆస్తి అంటే ఇల్లే. ఆ ఇంటి మీద అప్పు తెచ్చో, దాన్ని అమ్మో పిల్లల్ని కాలేజీకి పంపుతారు. తాత కొనలేకపోయిన ఇల్లు మనవడి చదువు మీద పడింది.

3. బడికి కట్టిన గోడ

మన దగ్గర సర్కారు బడికి డబ్బు విజయవాడ నుంచో ఢిల్లీ నుంచో వస్తుంది. అక్కడ బడి ఖర్చులో పెద్ద భాగం ఆ ప్రాంతపు ఇంటిపన్ను నుంచి వస్తుంది. ఇళ్ల విలువ ఎక్కువైతే బడికి డబ్బు ఎక్కువ. బడి బాగుంటే ఇళ్ల విలువ ఇంకా పెరుగుతుంది. ఈ చక్రం కిందికి కూడా ఇలాగే తిరుగుతుంది.

టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అనే పేద పేట ఉంది. అక్కడి మెక్సికన్ అమెరికన్ తల్లిదండ్రులు కోర్టుకు వెళ్లారు. పక్కనున్న సంపన్న పేట కన్నా తమ ఇంటిపన్ను రేటు ఎక్కువ, అయినా తమ బడికి వచ్చే డబ్బు తక్కువ, ఇదెక్కడి న్యాయం అన్నారు. 1973లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో వాళ్ల వాదన కొట్టేసింది. ఆ మరుసటి ఏడాది డెట్రాయిట్ కేసులో, నగరపు నల్ల పిల్లల్నీ శివారు తెల్ల పిల్లల్నీ కలిపి చదివించడానికి స్కూల్ జిల్లాల సరిహద్దు దాటకూడదంది. రంగు పేరున కట్టిన గోడ పడిపోయింది. జిల్లా పేరున కట్టిన గోడ నిలిచింది. “స్కూల్ రేటింగ్ ఎంత?” అని మనవాళ్లు అడిగేది ఆ గోడ ఎత్తునే.

వెలుగు లేకపోలేదు. న్యూజెర్సీలో మౌంట్ లారెల్ అనే శివారు, తక్కువ ఆదాయంవాళ్లకు ఇళ్లు కట్టనివ్వనంది. తరాలుగా ఆ ఊళ్లోనే ఉన్న నల్లకుటుంబాలు, ముఖ్యంగా ఎథెల్ లారెన్స్ అనే తల్లి, దాని మీద పోరాడారు. ఎదిగే ప్రతి శివారూ పేదల ఇళ్లలో తన వాటా భరించాల్సిందేనని 1975లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. ప్లెయిన్స్‌బరో, సౌత్ బ్రన్స్‌విక్, ఎడిసన్... తెలుగు ఇళ్లు ఎక్కువున్న ఈ ఊళ్లన్నీ ఆ తీర్పు కిందికే వస్తాయి. అక్కడి టౌన్‌షిప్ మీటింగులో చౌక ఇళ్ల సంగతి వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న లేస్తుంది: “మా ఇళ్ల ధర పడిపోతే?” మనవాళ్లు అప్పుడు ఏ వైపు లేచి నిలబడతారు? ఇది వాళ్ల మనసుకు సంబంధించిన ప్రశ్న. వాళ్లలో పౌరులైనవాళ్లకు అక్కడ ఓటు కూడా ఉంది.

4. లోపలి బతుకు

రేపల్లె దగ్గరి పల్లె నుంచి కూతురి పురిటికి వెళ్లిన ఒక తల్లి సంగతి వినండి. పొద్దున ఎనిమిదింటికి వీధిలో గరాజు తలుపులు వరసగా లేస్తాయి, కార్లు వెళ్లిపోతాయి, తలుపులు దిగుతాయి. ఆ తరవాత సాయంత్రం దాకా ఆ వీధిలో ఉత్తరాల బండి తప్ప ఏదీ కదలదు. ఆవిడ నడుద్దామని బయలుదేరింది. కాలిబాట కాలనీ చివర ఆగిపోయింది. ముందు ఆరు వరసల రోడ్డు. కూరగాయల కొట్టు మూడు మైళ్లు. బస్సు లేదు. వెనక్కొచ్చేసింది.

పసిబిడ్డ గుడ్డలు డ్రయ్యర్‌లో వేస్తే ఎండ వాసన రాదని, పెరట్లో రెండు కంచె గుంజలకు తాడు కట్టి ఆరేసింది. పది రోజులకు అల్లుడి పేర ఇళ్ల యజమానుల సంఘం నుంచి ఉత్తరం. బయటికి కనిపించేలా బట్టలు ఆరవేయకూడదు, మళ్లీ జరిగితే జరిమానా. ఆ నిబంధనల పుస్తకంలో పచ్చిక ఎత్తూ, తలుపు రంగూ కూడా రాసి ఉన్నాయి. “మనింట్లో మన గుడ్డలు ఆరేసుకోడానికి ఎవరి పర్మిషనమ్మా?” అందావిడ. కూతురు నవ్వేసి ఊరుకుంది. ఆవిడ అక్కడున్న ఆరు నెలలూ ఆ గుడ్డలు గరాజులో కుర్చీల మీద ఆరాయి.

తాడు మీది గుడ్డలో నేరం ఏముంది? అది పేదరికానికి గుర్తు. చూసినవాళ్లు పేట దిగజారిందనుకుంటారు, ధర తగ్గుతుంది. పేదవాళ్లను బయటే ఉంచితే చాలదు, పేదరికంలా కనిపించేది ఏదీ లోపల ఉండకూడదు. ఈ భయాన్ని కుటుంబరావుగారు తెనాలి ఇళ్లలో చూశారు. వీధరుగు మీద పరువు, వంటింట్లో అప్పు. అమెరికాలో వీధరుగు స్థానంలో పచ్చిక బయలు వచ్చింది.

ఆ పచ్చిక వెనక ఆందోళన కూడా చిన్నది కాదు. భారతీయుల కుటుంబ ఆదాయం నడిమి అంకె 2019లో సుమారు 1,19,000 డాలర్లు. మొత్తం అమెరికాది 68 వేల పైచిలుకు. అంకెలు చూస్తే రాజ్యం మనదే. కానీ ఒక్కో దేశానికి ఏటా 7 శాతమే అనే పరిమితి వల్ల, గ్రీన్‌కార్డు కోసం లక్షల మంది ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నారు. ఉద్యోగం పోతే 60 రోజులు. ఆ లోపు ఇంకోటి దొరకకపోతే ముప్పయ్యేళ్ల అప్పు మీద కొన్న ఇల్లూ, పిల్లల బడీ వదిలి రావాలి. వాళ్ల భార్యల్లో ఇంజనీరింగ్ చదివినవాళ్లకు కూడా 2015 దాకా పని చేసే హక్కు లేదు, ఆ తరవాత కూడా కొందరికే వచ్చింది. ఇల్లు ఉన్నా కాళ్ల కింద నేల లేనివాళ్లు వీళ్లు.

వీళ్ల కన్నా కింద ఇంకో వరస ఉంది. గదికి ముగ్గురు నలుగురు సర్దుకుని, పెట్రోలు బంకుల్లో రాత్రి డ్యూటీలు చేసే విద్యార్థులు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరున అక్కడి ప్రభుత్వమే నడిపిన నకిలీ విశ్వవిద్యాలయం బయటపడింది. తొలి దెబ్బకు పట్టుబడ్డ 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వాళ్లలో తెలుగు పిల్లలే ఎక్కువ. ఆ వారం ఈ జిల్లాల్లో ఎన్ని ఇళ్లలో ఫోన్లు రాత్రంతా మోగాయో మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది.

ఇక నగరంలోనే మిగిలిన ఒక తెలుగు మనిషి గురించి. సుజాత గిడ్ల. ఆంధ్రలోని దళిత క్రైస్తవ కుటుంబంలో పుట్టి, న్యూయార్క్ చేరి, ఆర్థిక మాంద్యంలో బ్యాంకు ఉద్యోగం పోయాక సబ్‌వే రైల్లో కండక్టరయ్యారు. 2017లో ఆమె కుటుంబ చరిత్ర పుస్తకంగా వచ్చింది. ఆమె మేనమామ శివసాగర్, మన కవి. ఆ నగరపు అన్ని రంగుల మనుషుల్నీ రోజూ మోసే రైల్లో ఆమె పని. కులం లేని చోటు కోసం వెళ్లిన మనిషిని తెలుగు శివారు ఎందుకు ఆకర్షించలేదో ఆలోచించండి. కుల వివక్షను నిషేధిస్తూ 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం చట్టం చేయాల్సి వచ్చిందంటే, కులం కూడా సామాన్లతో పాటే విమానం ఎక్కిందని అర్థం.

5. ఫోర్సైత్, చుండూరు

జార్జియాలో అట్లాంటాకు ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీ ఉంది, ముఖ్యపట్టణం కమ్మింగ్. తెలుగు పెళ్లి సంబంధాల్లో ఆ పేరు మీరు వినే ఉంటారు. మంచి బళ్లు, పెద్ద ఇళ్లు, దగ్గర్లో గుళ్లు.

1912లో అక్కడ సుమారు 1,100 మంది నల్లవాళ్లుండేవారు. రైతులు, కూలీలు, సొంత భూమి ఉన్నవాళ్లు, చర్చీలు కట్టుకున్నవాళ్లు. ఒక తెల్ల యువతి మీద దాడి జరిగింది, ఆమె తరవాత చనిపోయింది. రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్ల యువకుణ్ణి సెప్టెంబరు 10న జైల్లోంచి లాక్కొచ్చి చంపి, కమ్మింగ్ కూడలిలో వేలాడదీశారు. ఇద్దరు కుర్రవాళ్లను తూతూమంత్రం విచారణతో ఉరితీశారు. తరవాత రాత్రిళ్లు గుర్రాల మీద గుంపులు తిరిగాయి, ఇళ్లు కాల్చాయి. కొన్ని వారాల్లో దాదాపు అందరూ ఊళ్లు విడిచి పారిపోయారు. కొందరు భూమి అయినకాడికి అమ్ముకున్నారు. కొందరి భూమిని పొరుగువాళ్లు కలిపేసుకున్నారు. ఆ తరవాత ముప్పావు శతాబ్దం ఆ కౌంటీలో నల్లవాళ్లు దాదాపు లేరు. 1987 జనవరి 17న హోసియా విలియమ్స్ నాయకత్వంలో కొద్దిమంది శాంతి యాత్రకు వెళితే రాళ్లతో కొట్టారు. వారం తిరిగేసరికి సుమారు 20 వేల మంది వచ్చి నడిచారు.

తరవాత హైవే వెంట నగరం పెరుగుతూ వచ్చింది. ఆ భూములే ప్లాట్లయ్యాయి. జనాభా 2000లో 98 వేలు, 2020లో రెండున్నర లక్షలు. కొత్తగా వచ్చినవాళ్లలో మనవాళ్లు వేలల్లో ఉన్నారు. ఇల్లు కొన్న తెలుగు కుర్రవాడు ఏ పాపమూ చేయలేదు. తన కష్టంతో కొనుక్కున్నాడు. కానీ ఆ నేల ఖాళీగా ఎందుకు ఉందో అతనికి తెలియాలి.

మనకు ఇది కొత్త కథా? 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు. ఊరు వదిలి చీరాలలో శిబిరం వేసుకున్నవాళ్లలో చాలామంది మళ్లీ ఆ ఊళ్లో కాపురం పెట్టలేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని తరిమి చంపి, గోతాల్లో కుక్కి కాలువలో వేశారు. కేసు ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టులో నడిచింది. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. ఈ రెండు ఊళ్లూ ఇవాళ మన బాపట్ల జిల్లాలోనే ఉన్నాయి. చనిపోయినవాళ్లను పాతిపెట్టిన చోటును చుండూరు జనం రక్తక్షేత్రం అంటారు. తెనాలి వైపు వెళ్లే రైల్లోంచి దిగితే కాస్త నడక.

ఈ డెల్టా నుంచి అమెరికా వెళ్లిన పిల్లలకు కంచె భాష కొత్తగా నేర్పక్కర్లేదు. ఊరికి ఇవతల ఎవరు, కాలవకి అవతల ఎవరు అన్నది పుట్టుకతో విన్నారు. అందుకే వాళ్ల బాధ్యత మిగతా వలసజనం కన్నా ఎక్కువ.

6. కంచె తిరిగొస్తోంది

అమెరికా నుంచి వచ్చే డాలర్లతో పాటు అక్కడి శివారు నమూనా కూడా ఇటు వస్తోంది. గుంటూరు, విజయవాడ చుట్టూ పొలాల మధ్య ప్రహరీలు లేస్తున్నాయి. హోర్డింగుల మీద ‘గేటెడ్ కమ్యూనిటీ’, ‘అమెరికా తరహా విల్లాలు’. లోపల పని చేసే మనిషికి గేటు దగ్గర రిజిస్టరు, కొన్ని చోట్ల విడిగా లిఫ్టు. పల్లెల్లో తాళం వేసిన మేడలు, వాటి వరండాలో ఒంటరిగా ముసలి దంపతులు. ఈ సూర్యలంకలో కూడా రిసార్టుల వరస పెరుగుతోంది. వల ఆరబెట్టుకునే ఇసుక ఎవరిది అన్న ప్రశ్న రేపు తప్పకుండా వస్తుంది. తాడు మీది గుడ్డను వద్దన్న ఆ ఉత్తరానికీ, ఇసుక మీది వలను వద్దనబోయే బోర్డుకూ పెద్ద తేడా ఉండదు. ఆ బోర్డు రాకముందే జాలరి కుటుంబాల పక్కన నిలబడమని ఈ సభను కోరుతున్నాను.

మరో కోరిక, ఫోర్సైత్‌లో పిల్లలున్న తల్లిదండ్రులకు. 2021 జనవరిలో కమ్మింగ్ కూడలిలో రాబ్ ఎడ్వర్డ్స్ పేరున ఒక స్మారక ఫలకం పెట్టారు. ఈ ఆదివారం వీడియో కాల్‌లో అబ్బాయినో అమ్మాయినో అడగండి, దాన్ని చూశారా అని. చూడకపోతే, మనవణ్ణీ మనవరాలినీ తీసుకెళ్లి ఒకసారి చదివి రమ్మనండి. సెలవుల్లో వాళ్లు ఇక్కడికి వచ్చినప్పుడు, బాపట్ల నుంచి సూర్యలంకకు తీసుకొచ్చినట్టే చుండూరుకూ మీరు తీసుకెళ్లండి.